ఓటు అడుగువారు, లెక్క చెప్పువారు

శంషాబాద్ పురపాలక సంఘాన్ని 2025 చివర గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనం చేసిన తరువాత కొద్ది రోజులకు మా పూర్వ విద్యార్థి ఒకడు కళాశాలకు వచ్చి మమ్ము కలిశాడు. రానున్న ఎన్నికలలో తన వార్డు నుండి పోటీ చేయవలెనని ఉన్నదట. కరపత్రం ఉర్దూలోను తెలుగులోను కావాలి. తెలుగు ప్రతి మేము వ్రాసి ఇవ్వాలి. "పొదుపైన పాలన, ప్రజల నమ్మకం" అన్నవి తన రెండు నినాదాలని చెప్పాడు. నినాదాలు బాగానే ఉన్నవి. అయితే ఒక ప్రశ్న అడిగాము: "మీ వార్డు నుండి ఏటా ఆస్తిపన్ను ఎంత వసూలవుతున్నది? అందులో తిరిగి మీ వార్డుకు ఖర్చయ్యేది ఎంత?" అతడు కొంతసేపు నేల చూపులు చూచి, "సార్, మీకు తెలుసా?" అన్నాడు. ఆస్తిపన్ను రసీదులు మా ఇంట అలమారలో వరుసగా ఉన్నవి గాని, ఆ లెక్క మేమూ ఎన్నడూ చూడలేదు.

ఈ సందర్భంలో మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. 2020 జనవరి 22న రాష్ట్రంలోని పురపాలక సంఘాలకు ఎన్నికలు జరిగినప్పుడు పరిచయస్థుడైన ఒక అభ్యర్థికి మేమే కరపత్రం వ్రాసి ఇచ్చాము. ఇంటింటికి నల్లా, గల్లీ గల్లీకి సిమెంటు రోడ్డు, మూత వేసిన మోరీలు, పైగా పన్ను భారం లేని పట్టణం. ప్రాసలు చక్కగా కుదిరినవి, చదివినవారు మెచ్చుకున్నారు. ఒక్క అంకె లేదు. పన్ను తగ్గించి, రోడ్డు వేసి, నీళ్లు ఇచ్చుటకు రూపాయి ఎక్కడి నుండి వచ్చునో ఆ కరపత్రాన్ని చదివినవారు అడగలేదు, వ్రాసిన మేము ఆలోచించలేదు. సాహిత్యం చదువుకున్నవారు తమ కలాన్ని ఇట్లు అరువిచ్చుట చిన్న విషయంగా మాకు ఇప్పుడు తోచుట లేదు.

శంషాబాద్ సంగతే చూడండి. 2008 మార్చి 23న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం రాకపోకలకు తెరచుకొన్ననాడు దాని పక్కనున్న ఈ ఊరు ఒక గ్రామ పంచాయతీ. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయం ఒక వంక, బెంగుళూరు రహదారి ఒక వంక, 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఇంకొక వంక. నడుమ పంచాయతీ కార్యాలయం. ఊరు పెరిగింది, పొలాలు ప్లాట్లయినవి, ప్లాట్లలో భవనాలు లేచినవి. పదేండ్ల తరువాత, 2018లో, పంచాయతీ పోయి పురపాలక సంఘం వచ్చింది. 2020లో కౌన్సిలర్లు ఎన్నికైనారు. 2025 జనవరిలో వారి పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. ఆ సంవత్సరాంతంలో సంఘమే నగరంలో కలిసిపోయింది. ఎనిమిదేండ్లు నిండకముందే పాలక సంస్థ మూడు రూపాలు మారినది. బోర్డు మార్చినంత సులభంగా లెక్కలు మారుతాయా? పంచాయతీనాటి బకాయిలు, పురపాలక సంఘంనాటి మిగులు, సగంలో ఆగిన పనుల బిల్లులు, ఇవన్నీ ఏ పుస్తకం నుండి ఏ పుస్తకంలోకి ఎక్కినవో చెప్పుమని అడిగే హక్కు ఇచ్చటి పౌరునికి ఉన్నది. వార్డులో నిలబడే మనిషి మొదట అడగవలసినదీ, అడిగి తెచ్చి ప్రజల ముందు పెట్టవలసినదీ ఇదే.

హైదరాబాదులో మన పెద్దలు నగరపాలక సంస్థను నేటికీ బల్దియా అనే పిలుస్తారు. మొదటి సాలార్‌జంగు దివానుగా ఉన్న కాలంలో, 1869లో, నగరానికి పురపాలన ఏర్పడింది. ఎన్నికలు 1934లో గాని రాలేదు. ఆ తరువాత కూడ బల్దియాకు సభ్యులు లేని కాలం తక్కువేమీ కాదు. 1986లో ఎన్నికలు జరిగిన పిమ్మట మరల 2002 దాకా జరగనే లేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చి, పురపాలక సంఘం రద్దయిన ఆరు మాసాలలో ఎన్నికలు జరపవలెనని శాసించినది గదా అని మీరు అడగవచ్చు. శాసనం ఉన్నది, శాసనం అమలు కావలెనని పట్టుబట్టే ఓటరు కరువైనాడు. 2020 డిసెంబరులో గ్రేటర్ ఎన్నికలలో నూటికి 47 మంది కూడ ఓటు వేయలేదు. మా కళాశాలలో వార్షికోత్సవం నాటి హాజరు ఇంతకంటె మెరుగు.

ఆ ఎన్నికలకు ముందు జరిగినది గుర్తు చేసుకొనుట మంచిది. గ్రేటర్ హైదరాబాద్ సంస్థ 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల రూపాయలకు బాండ్లు విడుదల చేసింది, నూటికి 8.9 వడ్డీకి. అదే సంవత్సరం ఆగస్టులో మరి 195 కోట్లు, 9.38 వడ్డీకి. 2019లో ఇంకొక 100 కోట్లు, 10.23 వడ్డీకి. రోడ్లు, వంతెనల పథకం కొరకు ఈ అప్పు. మూడింటికి కలిపి ఏటా వడ్డీయే సుమారు 46 కోట్లు. అప్పు చేయుట తప్పని మేము అనము. మంచి రోడ్డు వచ్చే తరానికి కూడ ఉపయోగపడుతుంది గనుక దాని ఖర్చులో ఆ తరం కొంత మోయుట న్యాయమే. అప్పు తీర్చు ఆధారం మాత్రం సొంత రాబడి. నగరానికి సొంత రాబడులలో ముఖ్యమైనది ఆస్తిపన్ను.

2016 ఎన్నికలకు ముందు, ఏటా 1,200 రూపాయల వరకు పన్ను ఉన్న ఇండ్లకు దానిని 101 రూపాయలకు తగ్గించారు. 2020 నవంబరులో, మరల ఎన్నికల ముందు, గ్రేటర్ పరిధిలో 15,000 రూపాయల వరకు, శంషాబాద్ వంటి ఇతర పట్టణాలలో 10,000 రూపాయల వరకు పన్ను ఉన్న ఇండ్లకు ఆ సంవత్సరపు పన్నులో సగం మాఫీ చేశారు. ఒక్క గ్రేటర్‌లోనే 13.72 లక్షల కుటుంబాలకు 196.48 కోట్ల మేలు జరుగునని ఆనాడు ప్రభుత్వం చెప్పిన లెక్క. మొదటి బాండ్ల ద్వారా తెచ్చిన అప్పు 200 కోట్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన వ్రాసి మా తరగతి నల్లబల్లపై ఒకనాడు చూపించాము. వెనుక బెంచీలో ఒక అమ్మాయి, "అంటే సార్, అప్పు తెచ్చినంత వదిలేసినారా?" అన్నది. ఒకటి ప్రభుత్వ నిర్ణయం, ఇంకొకటి నగర సంస్థ అప్పు, సంవత్సరాలూ వేరు. అయినా ప్రశ్న మంచిది.

మాకు అపార్థం రానీయకండి. అది కరోనా సంవత్సరం. అక్టోబరు వరదలలో ఇండ్లలోని బియ్యం బస్తాలు కూడ తడిసిన సంవత్సరం. రెండు గదుల ఇంటిలో కుట్టుమిషను మీద బ్రదుకు వెళ్లదీసే వితంతువుకు పన్ను తగ్గించుట దయ కాదు, న్యాయం. కాని 101 రూపాయలు కట్టే ఆ ఇంటికీ, 15,000 పన్ను పడే మేడకూ ఒకే వేళ, అదీ ఓట్ల వేళ, ఊరట ఇచ్చినప్పుడు ఆ వెలితి ఎవరు పూడ్చునని ఏ వేదిక మీదా ఎవరూ చెప్పలేదు. ఇచ్చినవారిని ప్రతిపక్షం అడగలేదు. తామైతే ఇంకా ఎక్కువ ఇత్తుమన్నది. పన్ను తగ్గించుమనేవారు ఏ ఖర్చు తగ్గిస్తారో కూడ చెప్పాలి. చెత్త ఆటో తగ్గించాలా, వీధి దీపాల కరెంటు బిల్లు ఆపాలా, పారిశుద్ధ్య కార్మికుని జీతం వాయిదా వేయాలా? తుదకు జరిగేది చాలామార్లు ఈ మూడవదే. పొద్దు పొడవక ముందే మోరీలో దిగేవానికి గొంతు లేదు గదా.

ఇదే దారిలో ఇంకొక మాట. శంషాబాద్ మీదుగా పోయే బాహ్య వలయ రహదారి టోలు వసూలు హక్కును 2023లో 30 ఏండ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఒక సంస్థకు ఇచ్చారు. బేరం మంచిదా కాదా అన్నది వాదోపవాదాల విషయం. 2053 వరకు రావలసిన రాబడి ఒక్కసారిగా చేతికి వచ్చింది. ఈ సంవత్సరం మా తరగతిలో చేరిన విద్యార్థి నడివయస్సు వరకు అది తిరిగి రాదు. ఇటువంటి నిర్ణయాలను వార్తగా చదివి పేజీ తిప్పుట తప్ప చర్చించుట మనకు అలవాటు కాలేదు. అమెరికాలో డెట్రాయిట్ అనే మహానగరం, ఒకనాడు మోటారు కార్లకు రాజధాని, 2013లో దివాలా ప్రకటించింది. అప్పు, బాధ్యతలు కలిపి సుమారు 1,800 కోట్ల డాలర్లు. అక్కడి విశ్రాంత ఉద్యోగుల పింఛన్లకే కోత పడినది. అచ్చటా ఏ ఒక్క కౌన్సిలరూ నగరాన్ని ముంచుదామని కోరి ఉండడు.

ఇక నమ్మకం అను మాట. మన గల్లీలలో స్త్రీలు చిట్టీలు నడుపుట అందరికీ తెలిసినదే. పన్నెండుమందో ఇరవైమందో నెలనెలా కూడుతారు; ఎవరి సొమ్ము వారు అందరి ముందు చాప మీద పెడతారు; లెక్కించినది అందరూ చూస్తారు; చీటీ తీసేది ఒక పసిపిల్ల. అక్కడ స్టాంపు కాగితం లేదు, వకీలు లేడు. అయినా చిట్టీ మునగటం అరుదు. మనుషులు మంచివారు కావడం ఒక కారణం కావచ్చు గాని, నెలనెలా చాప మీద సొమ్ము కనబడటం అంతకంటె పెద్ద కారణం. అప్పగించిన సొమ్మును మనం అమానతు అంటాము. అమానతు పుచ్చుకొన్నవాడు లెక్క అడుగకముందే చెప్పుట మర్యాద.

మరి ఎన్నికలలో నమ్మకం అంటే మనలో చాలామందికి వేరే అర్థం ఉన్నది. మనవాడు, మన గల్లీవాడు, మన బిరాదరీవాడు. అల్పసంఖ్యాకులమైన మనం ఈ మాటకు ఎక్కువగా లోబడుతున్నామని వ్రాస్తే కొందరు పెద్దలకు కోపం రావచ్చు, వచ్చినా వ్రాయవలసినదే. మనవాడు గెలిస్తే మన గోడు వినబడుతుందన్న ఆశ నిరాధారం కాదు. కాని మనవాడైనందున లెక్క అడుగుట అమర్యాద అనుకొంటిమా, మోసపోయే మొదటివారం మనమే. పైవానిని ప్రశ్నించుటకు మనకు నోరు వస్తుంది. మనవానిని ప్రశ్నించుటకు రాదు. మసీదు కమిటీ జమాఖర్చులు జుమా నాడు గోడకు అంటించే మహల్లాలు ఉన్నవి. ఆ మాత్రం మర్యాద వార్డు సొమ్ముకు ఎందుకు ఉండకూడదు?

కౌన్సిలరు చేతిలో ఏముంటుంది, అంతా అధికారులదే అనువారు ఉన్నారు. కొంత నిజమే. జీతాలు, కరెంటు బిల్లులు, అప్పుల వాయిదాలు పోగా, 2019 పురపాలక చట్టం ప్రకారం బడ్జెట్‌లో పదవ వంతు పచ్చదనానికి కేటాయించగా, మిగిలినది స్వల్పం. అయితే బడ్జెట్‌ను ఆమోదించేది సభ్యుల సభయే. ప్రశ్న అడిగే హక్కు సభ్యునిదే. 15వ ఆర్థిక సంఘం పట్టణాలకు గ్రాంటు పొందవలెనన్న షరతులు పెట్టింది: ఖాతాలు అందరికీ కనబడేట్లు ఇంటర్నెట్‌లో ఉంచాలి, ఆస్తిపన్ను కనీస రేట్లు ప్రకటించాలి, వసూళ్లు పెరగాలి. లెక్క చూపకుంటే గ్రాంటు లేదన్నమాట. బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రే నగరం 1989లోనే ఇంకొక అడుగు వేసింది. పేటపేటలో ప్రజలను పిలిచి, కొత్త పనుల సొమ్ము ఏ పనికి ముందు, ఏ పనికి వెనుక అన్నది వారినే తేల్చుమన్నది. బీదపేటలకు నీళ్లూ మురుగు కాలువలూ ముందు వచ్చినవి.

మా పూర్వ విద్యార్థికి మేము ఇవన్నీ చెప్పలేదు. మూడు పనులు మాత్రం చేసుకొని రమ్మన్నాము. సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు పెట్టి గత ఐదేండ్ల పన్ను వసూళ్లు, పనుల ఖర్చులు తెచ్చుకొమ్మన్నాము. ఆ లెక్కలు చూచి, తాను చేయదలచిన పనులలో ఒకే ఒక్కటి ఎంచుకొని దానికి ఎంత ఖర్చో ఇంజనీరును అడిగి తెలుసుకొమ్మన్నాము. మూడవది అతనికి నచ్చలేదు. తన ఎన్నికల ఖర్చు దినదినం వ్రాసి గల్లీలో అంటించుమన్నాము. 2020 గ్రేటర్ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఖర్చు పరిమితి 5 లక్షలు. ఫలితాలు వచ్చిన 45 దినాలలో లెక్క దాఖలు చేయాలి. కాగితం మీద అందరూ ఆ పరిమితికి లోబడినవారే. "సార్, బిర్యానీ పెట్టకపోతే బస్తీ మీటింగుకు ఎవరొస్తారు?" అన్నాడు. పెట్టవచ్చు, ప్లేటు ఎంతో వ్రాయుమన్నాము. నవ్వినాడు గాని కాగితం మీద గుర్తు వేసుకొన్నాడు. పరిమితికి పదింతలు ఖర్చు చేసి గెలిచినవాడు ఆ పదింతలను ఎక్కడి నుండి రాబట్టునో వాణిజ్యశాస్త్ర విద్యార్థి కానక్కరలేదు తెలుసుకొనుటకు.

కళాశాల పాలక సంఘం వారికి ఒక విన్నపం. నగరపాలక సంస్థ బడ్జెట్ పుస్తకం ఆంగ్లంలో ఉంటుంది. చదవదలచినవారికి కూడ దాని భాష కొరుకుడు పడదు. మన విద్యార్థులకు రెండు భాషలు ఉన్నవి. తెలుగు శాఖ, ఉర్దూ శాఖ, వాణిజ్య శాఖ కలిసి మన పరిసర వార్డుల వరకైనా ఆ అంకెలను ఒక పెద్ద కాగితం మీదికి రెండు లిపులలో ఎక్కించవచ్చు. గ్రంథాలయంలో వార్తాపత్రికల బల్ల పక్కన గోడ ఖాళీగానే ఉన్నది. ఖర్చు కాగితానికీ రంగు పెన్నులకూ మించదు. ఆ ఖర్చు కూడ అక్కడే ఒక మూల వ్రాయవచ్చు. పద్దెనిమిదేండ్లు నిండిన విద్యార్థులు మన కళాశాలలో చాలామంది. ఇరవై ఒకటి నిండితే తామే పోటీ చేయవచ్చునని వారిలో ఎందరికి తెలుసో!

సమాచార దరఖాస్తుకు ముప్పై దినాల గడువు. ఆ యువకుడు దరఖాస్తు రసీదు తెచ్చి మాకు చూపి వెళ్లినాడు. కరపత్రం చిత్తుప్రతి మా బల్ల సొరుగులో ఉన్నది. ఈసారి ప్రాసలు లేవు. రెండవ పంక్తిలో వార్డు పన్ను రాబడికీ, నాలుగవ పంక్తిలో మోరీ పని అంచనాకూ అంకెల చోటు ఖాళీగా వదిలినాము.