సముద్రాలు దాటిన అమ్మకి రోడ్డు దాటడం ఒక లెక్కా?

బిడ్డ పురిటికో, కోడలి పురిటికో పరదేశం వెళ్లొచ్చిన తల్లులు ఇప్పుడు మన హనుమకొండలో వీధికి ఒకరైనా ఉంటారు. పచ్చళ్లు ఎన్ని కిలోలు పట్టుకెళ్లొచ్చు, ఎయిర్‌పోర్టులో ఏం అడుగుతారు అని నలుగుర్నీ అడిగి తెలుసుకుంటాం గానీ, అక్కడ రోడ్డెలా దాటాలని ఎవ్వరం అడగం. మొన్న ఒక సోదరి మాత్రం అడిగారు. డాలస్‌లో ఆరు నెలలుండి, ఒక్కపూట కూడా ఒంటరిగా వాకిలి దాటలేదట. మళ్లీ వెళ్లాల్సి వచ్చింది, ఆ రోడ్లంటే గుండె దడ అంటున్నారు. ఇక్కడేమో ఆవిడే ఆటోలూ, బస్సులూ, ఎదురొచ్చే బైకుల మధ్యనుంచి కూరగాయల సంచీతో చౌరస్తా దాటి ఇంటికొస్తారు!

భయం సహజమే. మన విద్య అక్కడ పనికిరాదు మరి. మనమేం చేస్తాం? చెయ్యి ఎత్తుతాం, డ్రైవరు మొహంలోకి చూస్తాం, ఒక్కో అడుగూ వేస్తూ పోతాం. అతను కాస్త తగ్గుతాడు, మనం కాస్త ఆగుతాం. బండ్లు నత్తనడక నడిచే చోట ఇది సాగుతుంది. అక్కడ ఊరి మధ్య పెద్ద రోడ్ల మీద కూడా గంటకి 45 మైళ్ల వేగం మామూలే. అంటే 72 కిలోమీటర్లు, సెకనుకి 20 మీటర్లు. మీరు చెయ్యి ఎత్తేలోపు కారు మీ ముందుంటుంది. అందుకని రోడ్డు మధ్యలోంచి అడ్డంగా దాటే అలవాటు విమానం ఎక్కేటప్పుడే వదిలెయ్యండి. నాలుగడుగులు ఎక్కువైనా సిగ్నల్ దగ్గరికే వెళ్లండి.

రెండోది తల తిప్పే అలవాటు. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి రోడ్డు అంచున నిలబడితే మొదట వచ్చేది కుడివైపునుంచి. అమెరికా, కెనడా, దుబాయ్, సౌదీలలో అన్నీ కుడివైపు నడుస్తాయి, మొదటి బండి ఎడమనుంచి వస్తుంది. చిన్నప్పటినుంచీ కుడికి తిరిగిన తల ఒక్కరోజులో మారదు. చర్చిల్ అంతటివాడు 1931 డిసెంబరులో న్యూయార్క్‌లో లండన్ అలవాటు కొద్దీ అటు చూడాల్సింది ఇటు చూసి రోడ్డు దాటబోయి, కారు గుద్ది ఆస్పత్రి పాలయ్యాడు. మీ పిల్లలు లండన్‌లోనో, సింగపూర్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే ఈ బాధ లేదు, అవి మనలాగే. అయినా లండన్ వీధుల్లో దాటే చోట ఎటు చూడాలో నేలమీదే రాసి పెడతారు, పరాయివాళ్ల కోసం. ఎంత మంచి పనో!

ఇక సిగ్నల్. స్తంభానికి బొత్తాం ఉంటుంది, చాలాచోట్ల అది నొక్కితే గానీ నడిచే వాళ్లకి వంతు రాదు. తెల్లటి మనిషి బొమ్మ వెలిగితే దాటాలి. నారింజరంగు చెయ్యి మిణుకుమిణుకుమంటూ పక్కన అంకెలు తగ్గుతుంటే కొత్తగా దిగకూడదు, అప్పటికే మధ్యలో ఉంటే వెనక్కి రాకుండా పూర్తిచెయ్యాలి. ఆ అంకెలని మామూలుగా సెకనుకి మూడున్నర అడుగుల నడక లెక్కన పెడతారు. ఆరు వరసల రోడ్డు 72 అడుగులు అనుకుంటే ఇరవై సెకన్ల పైచిలుకు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి అది చాలదు. అలాంటివారు మనిషి బొమ్మ పడగానే బయల్దేరండి, సగంలో వెలిగినదాన్ని చూసి పరుగెత్తకండి. రోడ్డు మధ్య దిమ్మె ఉంటే అక్కడ ఆగి, రెండో సగం తర్వాతి వంతులో దాటినా తప్పులేదు.

అన్నిటికన్నా మోసం చేసేది కుడి మలుపు. ఎర్రలైటు ఉన్నా ఒకసారి ఆగి కుడికి తిరగవచ్చని అక్కడ చాలా రాష్ట్రాల్లో రూలు ఉంది. ఆ డ్రైవరు ఎడమనుంచి వచ్చే కార్లనే చూస్తుంటాడు, కుడిపక్క నిలబడ్డ మిమ్మల్ని చూడడు. బొమ్మ వెలిగింది కదా అని దిగకుండా, కారు నిజంగా ఆగిందా, అతను మీ వైపు చూశాడా అని గమనించండి. మన చౌరస్తా విద్య ఇక్కడ మాత్రం అక్కరకొస్తుంది.

మనవణ్ణి బండిలో తోసుకెళ్తుంటే అంచుకి రెండడుగులు వెనకే ఆగండి, మనకన్నా ముందు బండి రోడ్డెక్కుతుంది కదా. చలికాలం న్యూజెర్సీ వైపు సాయంత్రం అయిదుకే చీకటి. ముదురురంగు చీర మీద నల్లకోటు వేసుకుంటే డ్రైవరుకి మనిషి ఆనదు. లేతరంగు శాలువా కప్పుకోండి. ఇంటి చిరునామా చీటీ సంచీలో ఉంచుకోండి. మొదటివారం అమ్మాయితోనో అల్లుడితోనో కలిసి ఒకే దారిలో, పార్కు వరకో దుకాణం వరకో, నాలుగైదుసార్లు నడవండి. తర్వాత వాళ్లని వెనక నడవమని, మీరు ముందు దాటండి.

ఈమధ్య పిల్లలు తల్లిదండ్రుల్ని వియత్నాం కూడా తిప్పుతున్నారు. హనోయ్‌లో బైకుల వరద చూస్తే మన వరంగల్ చౌరస్తా ఎంతో నయం అనిపిస్తుంది. అక్కడ ఉరకకూడదు, వెనక్కి అడుగు వెయ్యకూడదు. ఒకే వేగంతో మెల్లగా నడిస్తే బైకులే మీ చుట్టూ తిరిగి పోతాయి. బస్సూ కారూ వస్తే మాత్రం ఆగాల్సింది మీరే.

ఇంకొక్క మాట. ఆరు నెలలకి తల ఎడమకి తిరగడం నేర్చుకుంటుంది. తిరిగొచ్చాక మొదటి వారం కాజీపేట స్టేషన్ ముందయినా, ఇంటి సందు మలుపులోనైనా మొదట కుడికి చూడండి. మన వాళ్లలో రాంగ్ రూట్ మహానుభావులు ఉంటారు కాబట్టి, ఎడమకి కూడా.