మాతృభాష: తెలుగు (అట!)

పోయిన సెలవులకి ఊరెళ్లా. మాది డుంబ్రిగుడ మండలం. మీరంతా రీల్స్ తీసుకునే చాపరాయి ఉంది చూడండి, అక్కడికి దగ్గరే. ల్యాప్‌టాప్ ఉన్నవాడు ఊళ్లో దిగితే ఎవరికో ఒకరికి పని పడుతుంది కదా. ఈసారి పక్క ఊరి ప్రైమరీ స్కూల్ మాస్టారికి పడింది. "బాబూ, యూడైస్ ప్లస్‌లో పిల్లల వివరాలు ఎక్కించాలి. నా ఫోన్‌లో సైటు తిరుగుతూనే ఉంది, కాస్త చూడు" అన్నారు.

చూశా. 34 మంది పిల్లలు. పేరు, ఆధార్, పుట్టిన తేదీ, అన్నీ కరెక్టే. మాతృభాష దగ్గర మాత్రం 34కి 34 తెలుగు! బయట వరండాలో ఆ పిల్లలే కువిలో కొట్టుకుంటున్నారు, కువిలోనే రాజీ పడుతున్నారు. ఆఫీసులో ఒక కాలమ్ మొత్తం ఇలా ఉంటే నేను వెంటనే బగ్ అని రాసేస్తా.

"గడువు దగ్గర పడింది బాబూ, పోయినేడాదిదే దింపేశాను" అన్నారు మాస్టారు. ఆయన్ని ఏమనగలం? ఐదు తరగతులకీ ఆయనొక్కరే. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి.

చిన్న విషయమే అనిపిస్తోందా? 2025 పదో తరగతి ఫలితాలు గుర్తు చేసుకోండి. రాష్ట్రం మొత్తం 81.14 శాతం పాస్. పార్వతీపురం మన్యం జిల్లా 93.90తో ఫస్ట్. మా అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64తో లాస్ట్. "రెండూ ఏజెన్సీలే కదరా, మీకేమైంది?" అన్నాడు మా టీమ్‌లో ఒకడు. ఆ జిల్లాలో గిరిజనులు సగం కూడా లేరు. మా దగ్గర పదిమందిలో ఎనిమిది మంది. ఇదొక్కటే కారణం అనను. కానీ ఆ ఏడాది పరీక్ష రాసినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లిష్ మీడియం. అంటే మా పిల్లలకి ఇంట్లో కువి, బళ్లో తెలుగు, పరీక్షలో ఇంగ్లిష్.

డబ్బు అసలు రావట్లేదా అంటే, వస్తోంది. 2025లో తల్లికి వందనం కింద ఒక్కో పిల్లకి 13 వేలు అమ్మ ఖాతాలో పడ్డాయి, 2 వేలు బడి నిర్వహణకి పోయాయి. విజయవాడలోనూ అంతే, మా కొండ మీదా అంతే. భాష కోసం చేసిన పని కూడా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి కువి, కొండ, ఆదివాసీ ఒరియాతో కలిపి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులు చెప్పించారు. ఏ ఊళ్లో ఏ భాష టీచర్ కావాలో చెప్పాల్సింది ఈ కాలమే. అందులో తెలుగు అనుంటే, ఎవరూ అక్కర్లేదని లెక్క!

ఆ సాయంత్రం మాస్టారు పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి అడిగారు. "నీ భాషేంటమ్మా?" అంటే ఒక పిల్ల, "ఇంటిదా, బడిదా సార్?" అంది. లెక్క తేలింది: 29 మందికి కువి, ముగ్గురికి ఆదివాసీ ఒరియా, ఇద్దరికి తెలుగు.

తర్వాత నేను చదివిన బడికెళ్లి నా పాత రికార్డు తీయించా. ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడే నాకు కూడా మాతృభాష తెలుగే!

మీ తమ్ముడో చెల్లో ఏజెన్సీ బళ్లో చదువుతుంటే, ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ ఒక్క కాలమ్ చూసి రండి.