ఉర్దూ మాస్టారు వెళ్లిపోయాక

ఉర్దూ ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసిన నాడు శాలువా కప్పి, పూలమాల వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపుతాము. మర్నాడు ఆయన తరగతిలోకి ఎవరు వెళతారని అడిగేవారు మాత్రం మనలో అరుదు. పసుపు పంటకు పేరెన్నికగన్న ఆర్మూరు వంటి పట్టణంలోనైనా, నిజామాబాదు జిల్లాలోని మరే ఊరిలోనైనా ఈ నెల మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న ఇదే.

ముప్పై, ముప్పై అయిదేళ్లు భాష బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఆ తరం వారిని కదిలిస్తే జీతం గురించి కంటే పిల్లల గురించే ఎక్కువ మాట్లాడతారు. బీడీలు చుట్టే తల్లి పక్కన కూర్చుని అలిఫ్, బే దిద్దుకున్న పిల్లలు, తండ్రి గల్ఫ్‌లో ఉంటే ఆయనకు ఇంటి సంగతులు ఉత్తరంగా రాయగలిగిన పిల్లలు వారి చేతుల మీదుగానే తయారయ్యారు. లెక్కలు చెప్పిన మాస్టారి ఫలితం మార్కుల్లో కనిపిస్తుంది. భాష చెప్పిన మాస్టారి ఫలితం కనిపించడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. పసుపు తొమ్మిది నెలల పంట అని రైతు నిట్టూరుస్తాడు గాని, ఈ పంట అంతకంటే ఎంతో దీర్ఘమైనది.

ఇంతటి సేవకు ప్రభుత్వం ఇచ్చిన గౌరవమెంత? ఉన్నత పాఠశాల తరగతులకు బోధించే భాషా పండితులు, వారు తెలుగువారైనా, హిందీవారైనా, ఉర్దూవారైనా, స్కూల్ అసిస్టెంటు హోదా కోసం ఏళ్ల తరబడి ఆందోళనలు చేశారు, కోర్టుల చుట్టూ తిరిగారు. పండిత పోస్టుల స్థాయి పెంచి పదోన్నతులు ఇవ్వడం 2024లో గాని జరగలేదు. ఆ లోపల ఎంతమంది గ్రేడ్-2 పండితులుగానే ఇంటికి వెళ్లిపోయారో ఊహించుకోవచ్చు. భాషలు బోధించేవారు రెండవ శ్రేణివారన్న చూపు మన విద్యాశాఖకు పాత జబ్బు.

భాషా బోధకుడు సమాజానికి ఏమిస్తాడో తెలియాలంటే ఆర్మూరు నుండి ఉత్తరంగా గోదావరి దాటితే చాలు. ఆదిలాబాదు ప్రాంతానికి చెందిన సామల సదాశివ (1928-2012) ఉపాధ్యాయుడిగా జీవితం గడిపారు. ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగులో రాశారు. అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగువారికి అందించారు. హిందుస్తానీ సంగీతం గురించి రాసిన ‘స్వరలయలు’ పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ‘యాది’లో ఆయన తలచుకున్న మనుషుల్లో హిందువులూ ముస్లిములూ కలిసే ఉంటారు. తెలుగు సాహిత్యంలో జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి సైతం ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవారే. ఉర్దూను ఒక్క మతానికి కట్టివేసి మాట్లాడేవారికి ఈ నేలే జవాబు చెబుతుంది. మార్కెట్ యార్డులో రైతు నోట పలికే రసీదు, ఖాతా, దలాలీ, హమాలీ, కిరాయి అన్న మాటలు ఎక్కడి నుండి వచ్చాయి?

ఒక చేదు చరిత్రను కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాషగా వెలిగిన కాలంలో తెలుగు పిల్లలకు తమ భాషలో చదువు దక్కలేదు. 1921లో హైదరాబాదులోని వివేకవర్ధినిలో జరిగిన సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది అన్యాయమని ఒప్పుకోవడానికి మాకు సంకోచం లేదు. ఇంటి భాషను బడి వాకిట్లో విడిచి రావలసిన పిల్లవాడి బాధ తెలంగాణకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? ఆ బాధ తెలిసిన రాష్ట్రం నేడు ఉర్దూ పిల్లవాడికి అదే అనుభవం మిగల్చరాదని అడుగుతున్నాము.

అడగడానికి ఆధారాలు లేకపోలేదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన అందేలా ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలని రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం చెబుతోంది. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. కార్యాలయం బోర్డు మీద ఉర్దూ అక్షరాలు వచ్చినంత మాత్రాన వాటిని చదవగలిగే పిల్లలు తయారు కారు. అందుకు మాస్టారు కావాలి.

మాస్టారు ఎందుకు రావడం లేదు? ఉర్దూ మాధ్యమంలో ఎస్సీ, ఎస్టీ వర్గాలకు కేటాయించిన పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకక అవి నియామకం తర్వాత నియామకంలోనూ మిగిలిపోతున్నాయి. ఆ వర్గాల హక్కుకు నష్టం కలిగించే మార్గాన్ని మేము కోరడం లేదు. అన్ని పోస్టులను వారికి తెలుగు మాధ్యమంలో ఇచ్చి, ఉర్దూ ఖాళీలను అర్హులతో నింపవచ్చు. ఇందుకు కావలసింది ఒక ప్రభుత్వ ఉత్తర్వు. ఏళ్లుగా వినతిపత్రాలు వెళుతున్నా ఆ సంతకం పడకపోవడానికి కారణం ఉపేక్ష తప్ప మరేమీ కాదని మా అభిప్రాయం.

తప్పంతా ప్రభుత్వానిదే అనడం కూడా న్యాయం కాదు. పిల్లలను ఆంగ్ల మాధ్యమానికి పంపే తల్లిదండ్రులను మేము నిందించము; బతుకుతెరువు చూసుకోవడం నేరం కాదు. తెలుగు నేర్వడమూ అవసరమే, ఈ నేల మీద బతకవలసిన పిల్లలకు అది రక్షణ కూడా. కాని ఏ మాధ్యమంలో చేర్చినా ఉర్దూను ఒక భాషగా చదివిస్తారా అని చేర్పించే రోజునే అడగవచ్చు కదా. అడిగేవారు లేరు గనుక పిల్లలు లేరు, పిల్లలు లేరు గనుక పోస్టు అక్కరలేదు అంటుంది కార్యాలయం. ఈ గొలుసు మన ఇంటి గడప దగ్గరే మొదలవుతోంది.

2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం నిజామాబాదు స్థానం నుండి నూట డెబ్బై మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. బోర్డు 2025 జనవరిలో నిజామాబాదులో ప్రారంభమైంది. ఆ బోర్డు రైతుకు ఎంత మేలు చేస్తుందన్నది వేరే చర్చ. అడిగే తీరు మాత్రం ఆర్మూరు రైతు దగ్గర నేర్చుకోదగ్గది. ప్రతి మొహల్లాలో ఉర్దూ చదవదలచిన పిల్లల పేర్లతో ఒక జాబితా రాయండి. మీ బడిలో ఉర్దూ పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఎప్పటి నుండి ఖాళీగా ఉన్నాయి అని సమాచార హక్కు చట్టం కింద జిల్లా విద్యాశాఖాధికారిని అడగండి. రెండింటినీ జతపరచి కలెక్టరుకు సమర్పించండి, ఒక ప్రతి మాకూ పంపండి. పదవీ విరమణ చేసిన మాస్టార్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. కొత్తవారు వచ్చేవరకు వారానికి రెండు సాయంత్రాలు పాఠం చెప్పమని కోరితే కాదనేవారు కారు. వచ్చే విద్యా సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది.