ముందు నేలను అడగాలి: మేడిగడ్డ చెప్పే పాఠం



మేడిగడ్డ బ్యారేజీ పేరు మన ఇళ్లల్లో కొత్తది కాదు. దాని ఒక కొస తెలంగాణలోని అంబటిపల్లి దగ్గర ఉంటే, రెండో కొస మన సిరొంచ తాలూకాలో ఉంది. ప్రాణహిత గోదావరిలో కలిసినంక, ఆ దిగువన దీన్ని కట్టారు. పొడవు సుమారు 1.6 కిలోమీటర్లు, గేట్లు 85. 2019 జూన్ 21న ప్రారంభమైంది. నాలుగేళ్లు దాటాయో లేదో, 2023 అక్టోబరు 21 సాయంత్రం ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగినయి. పైనున్న వంతెన వంగింది, దాని మీద రాకపోకలు ఆగిపోయాయి.

తప్పు ఎవరిదని టీవీల్లో వాదనలు మీరు వింటూనే ఉన్నారు. అది తేల్చడానికి విచారణలు, కోర్టులు ఉన్నాయి. మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అంత కాంక్రీటు ఎట్లా కుంగింది?

మూడు రోజుల్లోనే కేంద్ర ఆనకట్టల భద్రతా సంస్థ బృందం వచ్చి చూసింది. పునాది కింది ఇసుక నీళ్లతో పాటు కొట్టుకుపోయిందనీ, పునాది కింది నేలకు ఆ బరువు మోసే శక్తి సరిపోలేదనీ తన మొదటి నివేదికలో చెప్పింది. అంటే సమస్య మొదలైంది కంటికి కనబడని చోట. 2024లో వేసిన నిపుణుల కమిటీ కూడా అక్కడి నేలకు పరీక్షలు చేయించమని అడిగింది.

నేలను ఎట్లా పరీక్షిస్తారు? ఒక పద్ధతిలో బోరు వేసి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మళ్లీ మళ్లీ వదులుతారు. గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. తక్కువ దెబ్బలకే దిగితే నేల మెత్తన. ఇంకో పద్ధతిలో గుంతలో ఇనుప పలక పెట్టి, కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ, ఎంత దిగిందో కొలుస్తారు. ఒక్క చోట చూస్తే చాలదు. నది అడుగు పది అడుగులకో తీరు మారొచ్చు.

ఇసుక మీద కట్టడమే తప్పా? కాదు. ఇదే గోదావరి మీద ధవళేశ్వరంలో కాటన్ దొర 1847 నుంచి 1852 వరకు కట్టించిన ఆనకట్ట కూడా ఇసుక మీదిదే. ఇసుకలో పునాది ఎట్లా నిలుస్తుందో ఆయన కావేరి మీది పాత కల్లణైని చూసి నేర్చుకున్నాడు. ఆ ఆనకట్ట నూరేళ్లకు పైగా పనిచేసింది. నేల గుణం తెలుసుకుని దానికి తగ్గట్టు కట్టాలి, కట్టినంక కింద నీళ్లు ఊరుతున్నాయా అని చూస్తూ ఉండాలి.

ఇది పెద్ద ప్రాజెక్టుల ముచ్చట మాత్రమే అనుకోకండి. మీరు ఇల్లు కట్టబోయే జాగాలో ఒకప్పుడు చెరువో బావో ఉండి పూడ్చారా? ఎండాకాలం పగుళ్లు తేలే నల్లరేగడా? ముందు పెద్దలను అడగండి, ఇంజనీరుతో మట్టి పరీక్ష చేయించండి. ఊర్లో బడి గదికో నీళ్ల ట్యాంకుకో పునాది తీస్తుంటే, మట్టి పరీక్ష రిపోర్టు ఉందా అని అడగండి. ఆ గదిలో కూర్చునేది మన పిల్లలే. పునాది కప్పేసినంక అడిగితే లాభం లేదు.

పిల్లలూ, మీకో చిన్న పని. టబ్బులో ఇసుక నింపి మీద ఒక ఇటుక పెట్టండి. సన్నని పైపుతో ఇటుక కిందికి మెల్లగా నీళ్లు వదలండి. ఇసుక ఎటు పోతుందో, ఇటుక ఎటు ఒరుగుతుందో నోటుబుక్కులో రాసుకుని సైన్స్ క్లాసుకు తీసుకురండి. మేడిగడ్డ గురించి అక్కడ మాట్లాడుకుందాం.