వాయిదా చాటున వడ్డీ

కోటవురట్లలో కొత్త పికప్ కొనబోయే మన యువకునికి షోరూములో ముందు వినిపించేది ధర కాదు, నెలవారీ వాయిదా. అయిదు లక్షల అప్పుకు ‘పది శాతం ఫ్లాట్’ అంటే, అయిదేళ్లలో చెల్లించేది 7,50,000 రూపాయలు. తగ్గుతున్న అసలుపై లెక్కిస్తే వడ్డీ 17 శాతం దాటుతుంది. ఆ గడపకు మనవారిని నెట్టినదెవరు? కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా ఉన్న ప్రాంతాలను రుణాలకు దూరం పెడుతున్నాయని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. ప్రాధాన్య రంగ రుణాలలో మైనారిటీలకు తగిన వాటాను ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమం నిర్దేశించింది. కనుక ముందు ధర తేల్చండి, తరువాతే అప్పు మాట. 2024 అక్టోబరు 1 నుంచి తప్పనిసరైన ముఖ్య వాస్తవాల పత్రంలో వార్షిక వ్యయ శాతం చూడనిదే సంతకం చేయకండి. బ్యాంకు కాదంటే కారణం లిఖితపూర్వకంగా కోరండి. ఆ పత్రాలను జమాతులు కూడగట్టి జిల్లా లీడ్ బ్యాంకు ముందుంచి జవాబు అడగాలి.