ఎగువకు ఎక్కని పుస్తకం

విజయవాడను తెలుగు పుస్తకాల రాజధాని అనడం మనకు అలవాటైపోయింది. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1914లో గ్రంథాలయోద్యమకారులంతా కూడి మొదటి మహాసభ జరుపుకున్నది బెజవాడలోనే. దానికి చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షుడు, వెనకుండి నడిపించినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. ఆ తర్వాత 1952లో విశాలాంధ్ర పత్రిక, దాని వెన్నంటే ప్రచురణాలయం, 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా ఆంధ్రజ్యోతి ఇక్కడే మొదలయ్యాయి. నవోదయ, జయంతి వంటి సంస్థలు ఇక్కడే నిలదొక్కుకున్నాయి. 1989లో మొదలైన పుస్తక మహోత్సవం ఇప్పటికీ సంక్రాంతి ముందు రోజుల్లో జనాన్ని రప్పిస్తూనే ఉంది. ప్రభుత్వం హైదరాబాదులో ఉన్న రోజుల్లోనూ తెలుగు పుస్తకానికి చిరునామా చాలాకాలం విజయవాడ ఏలూరు రోడ్డే. ఇంత కీర్తి ఉన్న నగరాన్ని తక్కువ చేయాలని కాదు గానీ, పుస్తక నగరం అన్న బిరుదును దేనితో కొలుస్తున్నామో ఒకసారి చూసుకోవాలి. అచ్చువేసిన పేజీలతో, దుకాణాల సంఖ్యతో కొలిస్తే విజయవాడకు ఎదురులేదు. ఆ పుస్తకం ఎంత దూరం పోయిందని కొలిస్తే మాత్రం లెక్క వేరుగా తేలుతుంది. నా ఉద్దేశంలో రెండోదే సరైన కొలత. ఆ కొలతకు పల్నాడులోని అచ్చంపేట మంచి గీటురాయి.

అచ్చంపేట మారుమూల ఊరేం కాదు. ఆ మండలాన్ని ఉత్తరాన కృష్ణానది ఒరుసుకుని పారుతుంది. మాదిపాడు దగ్గర ఒడ్డున నిలబడితే అవతల ముక్త్యాల. అదే నీరు దిగువకు వెళ్లి విజయవాడ ఘాట్లను తాకుతుంది. బస్సెక్కితే ఒక పూట కూడా పట్టని ప్రయాణం. అయినా ఇలాంటి మండల కేంద్రాల్లో బుక్ షాపు అని బోర్డున్న చోటికి వెళితే దొరికేదేమిటి? లాంగ్ నోట్‌బుక్కులు, గ్రాఫ్ పేపర్లు, పదో తరగతి టెస్ట్ పేపర్లు, ఇంటర్ గైడ్లు, ఉగాది ముందు పంచాంగం, అదృష్టం బాగుంటే ఒక పెద్ద బాలశిక్ష. పక్కనే జిరాక్స్ మిషను. వీటిలో గైడ్లూ పంచాంగాలూ చాలావరకు విజయవాడ సరుకే కాబట్టి, ఆ ఊరి అచ్చు ఇక్కడికి రావడం లేదని అనలేం. పరీక్షకూ ముహూర్తానికీ పనికొచ్చే అచ్చు వస్తోంది, కథ, చరిత్ర, సైన్సు రావడం లేదు. గబ్బిలం రాసిన జాషువా పుట్టిన వినుకొండ ఈ జిల్లాలోదే. ఆయన పుస్తకం కావాలన్నా పల్నాటి పిల్లవాడు నరసరావుపేటో గుంటూరో పోయి వెతుక్కోవాలి.

ఈ తేడా ఎలా వచ్చిందంటే నీటి నుంచే మొదలుపెట్టాలి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు దిగువకు తవ్వారు, ఎగువకు కాదు. కాలువ వెంట వరి వచ్చింది, వరితో చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, ఆ డబ్బుతో హైస్కూళ్లు, నాటక సమాజాలు, పఠన మందిరాలు, చివరికి అచ్చాఫీసులు వచ్చాయి. తెనాలి, విజయవాడల పుస్తక సంపదకు పునాది డెల్టా గాదెల్లో ఉంది. పాతూరి నాగభూషణం 1935లో పడవ మీద గ్రంథాలయం నడిపితే అది డెల్టా కాలువలో పెదవడ్లపూడి, కొల్లిపర ఊళ్ల మధ్య తిరిగింది. అంత గొప్ప ఆలోచన కూడా కాలువ లేని చోటికి పోలేకపోయింది. నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలింది 1967లో. అంటే నది పక్కనే ఉన్న పల్నాడు డెల్టా కంటే నూరేళ్లు ఆలస్యంగా తడిసింది. పుస్తకం అంతకంటే ఆలస్యం. 2011 జనాభా లెక్కల్లో అప్పటి కృష్ణా జిల్లా అక్షరాస్యత 73.74 శాతం, గుంటూరు జిల్లాది 67.40. ఆ గుంటూరు సగటులో తెనాలి పైకి లాగితే పల్నాడు కిందికి లాగింది.

కేరళలోని కొట్టాయంతో పోల్చితే విషయం తేటపడుతుంది. అక్కడా పత్రికల కీర్తే, ప్రచురణల కీర్తే. బెంజమిన్ బెయిలీ 1821లో అచ్చుయంత్రం పెట్టింది అక్కడే. మలయాళ మనోరమ ఆ ఊరిదే. అయితే కొట్టాయాన్ని వేరుచేసే అడుగులు రెండున్నాయి. 1945లో పన్నెండుమంది రచయితలు సహకార సంఘం పెట్టుకుని తమ పుస్తకాలు తామే అచ్చువేసుకున్నారు. రచయితకు 30 శాతం రాయల్టీ ఇచ్చిన సంఘమది. (మన రచయితలు ఈ అంకెను నమ్మడానికి రెండుసార్లు చదువుకుంటారు.) 1989లో ఆ పట్టణం దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్య పట్టణమైంది. ఒకవైపు పుస్తకం చేసేవాళ్లు, మరోవైపు చదివేవాళ్లు, ఇద్దరినీ కావాలని తయారుచేసుకున్నారు. 2011 నాటికి కొట్టాయం జిల్లా అక్షరాస్యత 97 శాతం దాటింది. విజయవాడ మొదటి పని బ్రహ్మాండంగా చేసింది. రెండో పని తనది కాదనుకుంది.

కేరళతో పోలిక అన్యాయమని కొందరంటారు. అక్కడ మిషనరీలున్నారు, తిరువాన్కూరు సంస్థానం 1817లోనే చదువు తన బాధ్యత అన్నది, మనకు అంతటి అండ లేదు అని. నిజమే. కానీ 1945 నాటి సంఘాన్ని రాజు పెట్టలేదు, 1989 నాటి ఉద్యమాన్ని మిషనరీ నడపలేదు. పోనీ కేరళ వద్దు, మన నెల్లూరునే చూద్దాం. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ల వాచకంలో సారాకు ఎదురుతిరిగిన సీతమ్మ కథ ఒక పాఠం. అది చదివి దూబగుంట స్త్రీలు ఊరి సారా కొట్టు మీదికి వెళ్లారు. అక్కడ రాజుకున్న ఉద్యమంతో 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో మద్య నిషేధం వచ్చాయి. చిన్న వాచకం, సొంత బతుకు కనిపించే పాఠం, చేతికి అందిన సమయం కలిసివస్తే కూలికి పోయే మనిషి పుస్తకాన్ని ఏం చేయగలదో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తర్వాత ఆ చేతుల్లో పెట్టడానికి రెండో పుస్తకం లేకపోయింది. ఆ లోటుకు చదువరులను తప్పుపట్టలేం.

పల్నాడుకు కావలసింది నీళ్లు, గిట్టుబాటు ధరే తప్ప పుస్తకాలు కాదనే వాదన ఇంకా గట్టిది. మిర్చి కోతల కాలంలో పిల్లలు కూడా చేలల్లో ఉండే చోట కథల పుస్తకాల గురించి మాట్లాడటం ఎగతాళిగా వినిపించవచ్చు. కానీ పురుగుమందు డబ్బా మీది రాతలు, కౌలు కాగితం, బ్యాంకు నోటీసు కూడా చదవాల్సినవే. బడిలో కూడబలుక్కుని నేర్చిన అక్షరం ఇంటి దగ్గర చదవడానికి ఏమీ లేకపోతే నాలుగేళ్లలో చెరిగిపోతుంది. నిరక్షరాస్యుడి పంటకు ధర కూడా తక్కువే పడుతుంది. ఇక ఫోను వచ్చాక ఎవరు చదువుతారన్న మాట విజయవాడ పుస్తక మహోత్సవంలో తోసుకుంటున్న జనమే కొట్టిపారేస్తోంది. అక్కడికి ఊళ్ల నుంచి ఛార్జీలు పెట్టుకుని వచ్చేవాళ్లున్నారు.

ప్రచురణకర్త వ్యాపారి, నష్టానికి ఊళ్లు తిరగమంటే ఎలా అన్న అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. వెయ్యి కాపీలు వేసి రెండేళ్లు అమ్ముకునే మనిషి మీద ఈ భారం వేయకూడదు. విశాలాంధ్ర, ప్రజాశక్తి సంచార వాహనాలు తిప్పాయంటే అది వాళ్ల ఉద్యమ నేపథ్యం వల్ల, లాభం వల్ల కాదు. ఈ బరువు మోయాల్సినది గ్రంథాలయ సెస్సు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు అచ్చంపేట గృహస్థుడూ కడుతున్నాడు. స్థానిక సంస్థలు వసూలుచేసి గ్రంథాలయ సంస్థకు జమచేయడంలో జాగు, పుస్తకాల కొనుగోలు ఏళ్ల తరబడి ఆగిపోవడం పాత ఫిర్యాదులే. ఏ మండలంలో ఎంత సెస్సు వసూలైందో, అందులో ఎంత విలువైన పుస్తకాలు తిరిగి ఆ మండలానికి చేరాయో ఏటా పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టించాలి. కొనే పుస్తకాల్లో సగం స్థానిక ఉపాధ్యాయులు, పాఠకులు అడిగిన జాబితా నుంచే ఉండాలి. లేకుంటే అమ్ముడుపోని సరుకంతా ఊరి బీరువాల్లోకి చేరుతుంది. పుస్తక మహోత్సవం జనవరిలో విజయవాడలో ముగిశాక అందులో పది స్టాళ్లయినా మిర్చి డబ్బులు చేతికొచ్చే ఏప్రిల్‌లో సత్తెనపల్లి, అచ్చంపేట, మాచర్ల వైపు కదలాలి. స్టాలు అద్దె సెస్సు నుంచి కట్టవచ్చు. పుస్తకాల కట్టలు మోయడానికి ఆర్టీసీ కార్గో రోజూ ఆ దారిలోనే పోతోంది.