బ్యాగుల కాపలా ఇక చాలు

ఆటల పీరియడ్ గంట కొట్టగానే క్లాసంతా గ్రౌండులోకి ఉరుకుతుంది. ఒక్క బిడ్డ మాత్రం గట్టు మీద కూర్చుంటుంది. చుట్టూ తోటి పిల్లల బ్యాగులు, నీళ్ల సీసాలు, విప్పి పడేసిన చెప్పులు. 'పడతావమ్మా, ఇక్కడే కూర్చుని ఇవి చూసుకుంటూ ఉండు' అని పీటీ సారు ప్రేమగానే చెబుతారు. ఇంట్లో అమ్మానాన్నా అదే చెప్పి పంపుతారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా పదేళ్ల బడి చదువులో ఆ బిడ్డ ఒంటికి గ్రౌండు దుమ్ము అంటదు, ఆమె పేరు ఏ జట్టులోనూ పిలవరు.

మన గరాచర్మ బడి అనే కాదు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు చదివే బడుల్లోనూ, అక్కడ శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లోనూ ఇది మామూలు దృశ్యమే. దీన్ని మేము దయ అని ఒప్పుకోం. వైకల్యం ఉన్న పిల్లలకు ఆటల పీరియడ్ నుంచి 'మినహాయింపు' ఇవ్వడమంటే వాళ్లను మర్యాదగా వెలివేయడమే. ఆ మినహాయింపును గరాచర్మ బడి నుంచే ఎత్తేయడం మొదలుపెట్టాలి.

చట్టం ఈ విషయంలో నీళ్లు నమలలేదు. 2016లో పార్లమెంటు చేసి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి తెచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్, మిగతా పిల్లలతో సమానంగా ఆటపాటల అవకాశం కల్పించడం బడుల బాధ్యత అంటుంది. 30వ సెక్షన్ ప్రభుత్వాల వంతు చెబుతుంది: మైదానాలను అనువుగా మార్చాలి, నిధులు కేటాయించాలి, పోటీలు పెట్టాలి. 2011 జనాభా లెక్కల్లోనే ఈ దీవుల్లో వైకల్యం ఉన్నవారు 6,600 మందికి పైగా తేలారు. వాళ్లలో బడి ఈడు పిల్లలకు మనం ఏటా ఇస్తున్నది దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబర్ 3న ఒక పూట. నిమ్మకాయ చెంచా పందెం, ఒక స్టీలు గిన్నె, వేదిక మీద పెద్దలతో ఫొటో. మిగతా ఏడాదంతా గట్టు మీదే.

'ఆడించడం ఎలా? మాకు శిక్షణ లేదు కదా' అని పీటీ మాస్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు శిక్షణ ఇప్పించాల్సింది విద్యాశాఖ, అదీ ఈ ఏడాదే. అయితే అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మన ఆటల్లోనే సగం దారి ఉంది. ఖోఖోలో వెనక నుంచి వీపు తట్టి 'ఖో' అంటాం. చెవులు వినిపించని పిల్లకు ఆ తట్టు చాలు, ఆటలో ఒక్క నియమం కూడా మార్చక్కర్లేదు. పరుగు పందెంలో ఈల బదులు జెండా ఊపితే ఆ పిల్ల అందరితో పాటే కదులుతుంది. కబడ్డీలో కూతకు వచ్చినవాడు ఆ కూత ఆపకూడదు కాబట్టి, చూపు లేని పిల్లవాడికి ప్రత్యర్థి ఎటు కదులుతున్నాడో చెవే చెబుతుంది. పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని గొలుసు కట్టడం ఆ ఆటలో ఎలాగూ ఉన్నదే.

అంధుల క్రికెట్ చూడండి. బంతి లోపల చిన్న చిన్న ఇనుప గుళ్లు ఉంటాయి, దొర్లుతుంటే గలగలలాడుతుంది. బౌలర్ చెయ్యి కిందనుంచి, నేల మీదుగా వేస్తాడు. బొత్తిగా చూపు లేనివాళ్లు, కొద్దిగా ఉన్నవాళ్లు, ఇంకొంచెం ఉన్నవాళ్లు అని మూడు వర్గాలు. పదకొండు మందిలో కనీసం నలుగురు మొదటి వర్గం వాళ్లు ఉండి తీరాలి, వాళ్లు కొట్టిన పరుగుకు రెండు పరుగుల లెక్క. అసలు చూపులేని ఆటగాడిని పక్కన పెట్టుకుని గెలవడం కుదరని విధంగా నియమాలే రాశారు. ఎవరినీ జాలిపడమని అడగని పద్ధతి ఇది. 2025 నవంబర్‌లో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచ కప్‌ను కొలంబో ఫైనల్లో నేపాల్ మీద గెలిచిన మన జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి పాంగి కరుణకుమారి ఉంది. ఇక్కడి తెలుగు కుటుంబాలు బయల్దేరి వచ్చిన ఉత్తరాంధ్ర బిడ్డే.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి కథ ఇప్పుడు అందరికీ తెలిసిందే. సూర్యగ్రహణం నాడు పుట్టిందని చెవులు కొరుక్కున్నారు. పిచ్చిదన్నారు, కోతి అన్నారు. తల్లిదండ్రులు ఉన్న కాస్త భూమీ అమ్ముకున్నారు. బడిలో ఆమె పరుగును గమనించినవాళ్లు ఉన్నారు కాబట్టి శిక్షకుడు నాగపురి రమేశ్ దాకా చేరింది. 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో, మేధో వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగులో (టి20 విభాగం) 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. పతకం వచ్చాక చెక్కులు, శాలువాలు వరుసకట్టాయి. అవి ఇవ్వొద్దని కాదు. కానీ పతకం తెచ్చే బిడ్డకే గ్రౌండు అన్న లెక్క మా దృష్టిలో తప్పు. నూటికి తొంభై తొమ్మిది మంది ఏ పతకమూ తేరు. మామూలు పిల్లల్లో మాత్రం ఎందరు తెస్తున్నారు? అయినా వాళ్లను ఆటల పీరియడ్‌లో ఎవరూ కూర్చోబెట్టడం లేదే!

ఊరి బుద్ధి మారడానికి ఆట ఎంత పనిచేస్తుందో ఆఫ్రికా చూపించింది. ఘనాలో ఒక కాలు వంకరగా పుట్టిన ఇమ్మాన్యుయేల్ ఒఫోసు యెబోవా రెండో కాలితోనే సైకిల్ తొక్కుతూ దేశమంతా తిరిగాడు. అలాంటి బిడ్డ పుడితే శాపమని దాచిపెట్టే ఊళ్లలో జనం రోడ్డు మీదికి వచ్చి అతణ్ని చూశారు. ఘనాలో వికలాంగుల చట్టం 2006లో వచ్చింది. ఒక్కడి వల్లే వచ్చిందనడం అతిశయోక్తి, కానీ ఆ చర్చను పల్లెల్లోకి తీసుకెళ్లిన వాళ్లలో అతనొకడు. అంతర్యుద్ధంలో మందుపాతరలకు వేలమంది కాళ్లు పోయిన అంగోలా, 2018లో కాళ్లు కోల్పోయినవారి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిచింది.

సైకిల్ మాటెత్తాం కాబట్టి అడుగుతున్నాం. ఈ దీవుల పిల్లలు సైకిల్ మీద దేశం పేరు నిలబెట్టినవాళ్లు. కారు నికోబార్ కుర్రాడు ఈసో ఆల్బెన్ 2018లో జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో రజతం తెచ్చాడు. 2004 సునామీని తప్పించుకుని బతికిన డెబోరా హెరాల్డ్ ఇక్కడి పిల్లే. ట్రాక్ ఉంది, శిక్షకులున్నారు, అందుకే వచ్చారు. ఇద్దరు తొక్కే జంట సైకిళ్లు నాలుగు కొంటే ముందు సీట్లో చూపున్న కుర్రాడు, వెనక సీట్లో చూపులేని కుర్రాడు కలిసి ఆ ట్రాక్ మీదే తిరగొచ్చు. పారా సైక్లింగ్‌లో ఇది గుర్తింపు ఉన్న విభాగమే. పరిపాలనా యంత్రాంగానికి ఇది పెద్ద ఖర్చు కాదు.

వాన సంగతి కూడా చెప్పాలి. రెండు రుతుపవనాలూ తడిపే ఈ దీవుల్లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఆ బురదలో చక్రాల కుర్చీ కదలదు. గరాచర్మ లాంటి చోట పైకప్పున్న ఒక ఆటస్థలం, మెట్లు లేని దారి, చక్రాల కుర్చీ పట్టే తలుపున్న మరుగుదొడ్డి కావాలి. ఇవి లేకుండా ఆ పిల్లల్ని ఆటలో చేర్చుకుంటున్నామనడం కబుర్లే.

పడితే ఎవరు జవాబుదారీ అని తల్లిదండ్రులు భయపడతారు. పిల్లలన్నాక పడతారు, మోకాళ్లు కొట్టుకుపోతాయి. మందు రాసి మళ్లీ పంపిస్తాం. ఆ మోకాలి దెబ్బ ఈ బిడ్డకు మాత్రం ఎందుకు నిషేధం? జాగ్రత్త కావలసిన జబ్బులుంటే డాక్టరు చెబుతారు. ఏది ఆడకూడదో మాత్రమే కాదు, ఏది ఆడొచ్చో కూడా రాసివ్వమని డాక్టర్ని అడగండి.

చివరిమాట తెలుగు సంఘాలకు. ప్రభుత్వ ఉత్తర్వు కోసం మీరు ఎదురు చూడాల్సిన పని లేదు. పండగలకు క్రికెట్, కబడ్డీ, ముగ్గుల పోటీలు పెట్టేది మీరే, నియమాలు రాసేదీ మీరే. ఈసారి పిల్లల విభాగంలో ప్రతి జట్టులో వైకల్యం ఉన్న బిడ్డ ఒకరైనా ఆడాలని, ఆడకపోతే జట్టును తీసుకోబోమని కరపత్రంలోనే అచ్చేయండి. అలాంటి పిల్లలు మా వీధిలో లేరని జట్లవాళ్లు అంటే, ఇల్లిల్లూ తిరిగి కనుక్కోమనండి. ఉన్నారు.